పైన సాగే ఓడ

గడచిన అక్టోబరులో మేము మాల్దీవులకు వెళ్ళి వచ్చాము. తిరిగి వచ్చిన తరువాత బంధువులు, ఇరుగుపొరుగువారు అడిగినప్పుడల్లా అక్కడి సముద్రపు రంగు గురించి, చేపల గురించి, దీవుల ప్రశాంతత గురించి చెబుతూ వచ్చాము. విమానాలలో మాకు ఎదురైనదాన్ని మాత్రం దాటవేశాము. అలా దాటవేయడం సరికాదని ఇప్పుడు అనిపిస్తోంది. మాలాంటి దంపతులు ఇంకా ఎందరో ఉంటారు. వారికి ఉపయోగపడవచ్చునన్న ఉద్దేశంతోనే ఈ నాలుగు మాటలు. ఇద్దరం కలసి రాస్తున్నాము కాబట్టి, ఒక్కరి విషయం చెప్పవలసి వచ్చినచోట ‘ఆయన’, ‘ఆమె’ అని రాస్తాము.

పిల్లల కానుక

మాది గుంటూరు. ఆయన జూనియర్ కళాశాలలో అధ్యాపకులు, ఆమె గృహిణి. వివాహమై 27 ఏళ్ళు. ఇన్నేళ్ళలో మేమిద్దరమే కలసి చేసిన ప్రయాణాలన్నీ ఆసుపత్రులకు, పెళ్ళిళ్ళకు, పరామర్శలకు చేసినవే. కేవలం విశ్రాంతి కోసం ఒక ఊరు వెళ్ళవచ్చునన్న ఆలోచనే మాకు ఎన్నడూ రాలేదు.

ఉమ్రా ఆలోచన మాత్రం ఉండేది. ఆరేళ్ళుగా ప్రతి సంవత్సరం ‘ఈసారి ఇన్షాఅల్లాహ్’ అనుకోవడం, ఏదో ఒక కారణంతో అది వాయిదా పడడం జరుగుతూ వచ్చింది. ఒక ఏడు కుమార్తె పరీక్షలు, మరో ఏడు ఇంటి మరమ్మతులు, ఇంకో ఏడు చేతిలో డబ్బు లేకపోవడం. బంధువులు మాత్రం అసలు కారణం వేరే ఉందని నమ్మేవారు. ఆమెకు విమానమంటే భయం. ఆ సంగతి ఆమె ఏనాడూ దాచుకోలేదు. “నీ భయం వల్లనే కదా తమ్ముడి ఉమ్రా కూడా ఆగిపోయింది!” అని ఆడపడుచులు విందులలో నవ్వుతూ అనేవారు. ఆమె కూడా నవ్వి ఊరుకునేవారు. ఆయన మౌనంగా భోజనం చేసేవారు.

చివరికి పిల్లలే ఒక ఉపాయం ఆలోచించారు. “అమ్మీ, జిద్దా అంటే అయిదారు గంటల ప్రయాణం. ముందు చిన్న చిన్న విమానాలు ఎక్కి అలవాటు చేసుకో” అంటూ దసరా సెలవులకు మాల్దీవుల టిక్కెట్లు చేతిలో పెట్టారు. హైదరాబాదు నుండి కొచ్చికి దాదాపు గంటన్నర, కొచ్చి నుండి మాలేకు మరో గంటన్నర పైచిలుకు, మాలే నుండి ధరవందూ అనే దీవికి అరగంటలోపు. పర్యాటకుల రద్దీ డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు ఎక్కువ. అక్టోబరులో వానలు పడవచ్చు గాని ఖర్చు తగ్గుతుంది. భారతీయులకు అక్కడ దిగగానే వీసా ఉచితంగా ఇస్తారు. ప్రయాణానికి ముందు 96 గంటలలోపు ఆన్‌లైన్‌లో ఒక వివరపత్రం నింపితే చాలు.

ఆమె మూడు రాత్రులు సరిగా నిద్రపోలేదు. ఆయన ఆమెకు ధైర్యం చెబుతూ వచ్చారు.

కొచ్చిపై మేఘాలు

శంషాబాదులో విమానం గంటన్నర ఆలస్యంగా బయలుదేరింది. మేము ప్రయాణపు దుఆ చదువుకున్నాము. చక్రాలు నేలను వీడగానే కాళ్ళ కింద ధన్‌మని శబ్దం వినిపించింది. ఆమె ఉలిక్కిపడ్డారు. అది చక్రాలు లోపలికి ముడుచుకునే శబ్దమని తరువాత తెలుసుకున్నాము. మరి కొద్దిసేపటికి ఇంజన్ల హోరు ఒక్కసారిగా తగ్గి, విమానం కిందికి జారుతున్నట్లు తోచింది. అది కూడా మామూలేనట. పైకి ఎగరడానికి కావలసినంత శక్తి ఆ తరువాత అవసరం ఉండదు కనుక పైలట్ ఇంజన్ల వేగం తగ్గిస్తాడు. ఇవన్నీ ముందే తెలిసి ఉంటే భయంలో సగం అక్కడే తీరిపోయేది.

అసలు పరీక్ష కొచ్చి వద్ద మొదలైంది. అక్టోబరు మాసంలో కేరళలో మధ్యాహ్నం దాటితే ఉరుములతో కూడిన వానలు తరచుగా పడతాయి. విమానం మేఘాల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి కిందికి దిగడం ప్రారంభించింది. ఒక్కో కుదుపుకు పైనున్న సామాను పెట్టెలు కిటకిటలాడుతున్నాయి. తడిసిన కొబ్బరితోటలు, ఇళ్ళ కప్పులు, ఒక చర్చి గోపురం స్పష్టంగా కనిపించాయి. ఇక నేల తాకుతామనుకున్న క్షణంలో ఇంజన్లు గర్జించాయి. విమానం ముక్కు పైకెత్తి మళ్ళీ మేఘాలలోకి దూసుకుపోయింది. ఎవరో పసిబిడ్డ ఏడుపు అందుకుంది. వెనుక వరుసలో ఒకరు పెద్దగా కలిమా చదివారు.

గాలి తీరు అనుకూలంగా లేనందున మరోసారి ప్రయత్నిస్తామని కొంతసేపటికి పైలట్ ప్రకటించాడు. దిగే స్థితి సరిగా లేదనిపిస్తే మళ్ళీ పైకి లేవడం పైలట్లకు నేర్పే సాధారణ విధానమే. అది ప్రమాదం కాదు, ప్రమాదాన్ని దూరంగా ఉంచే పద్ధతి. ఆ క్షణంలో మాకు ఆ సంగతి తెలియదు. ఆమె తన చేతిని ఎవరో నలిపివేస్తున్నట్లు అనిపించి పక్కకు చూశారు. ఆమె చేతిని పట్టుకున్నది ఆయన. ఆయన చొక్కా వీపున పూర్తిగా తడిసి ఉంది. పెదవులు కదులుతున్నాయి గాని శబ్దం రావడం లేదు.

రెండవసారి విమానం క్షేమంగా దిగింది. అల్‌హమ్దులిల్లాహ్.

చివరి పిలుపు

మాలే విమానానికి ఇంకా రెండున్నర గంటల వ్యవధి ఉంది. ఇమ్మిగ్రేషన్ ముగించుకుని, నమాజు చేసుకుని, గేటు వద్ద కూర్చున్నాము. ఆమె టీ తెచ్చి ఇచ్చారు. ఆయన తాగలేదు. ప్రయాణికులు వరుసలో నిలబడసాగారు, వరుస తరిగిపోసాగింది. ఆయన లేవలేదు. చివరి పిలుపు కూడా వినిపించింది.

“ఏమండీ, మనమే మిగిలాము.”

“మనం రైలులో ఇంటికి వెళ్ళిపోదాం. నువ్వు భయపడ్డావని పిల్లలతో చెబుదాం.”

ఆ మాట నోటినుండి వచ్చిన తరువాత ఆయన తల పైకెత్తలేకపోయారు. మిగిలినదంతా అక్కడే, ఆ కుర్చీలలోనే బయటపడింది. ఎనిమిదేళ్ళ కిందట, ఒక వేసవిలో ఆయన ఢిల్లీ నుండి ఒంటరిగా విమానంలో వచ్చారు. ధూళి తుపానులో ఆ విమానం విపరీతంగా కుదుపులకు లోనైంది. ఆ రోజు తరువాత ఆయన మరి విమానం ఎక్కలేదు. ఎక్కడికి వెళ్ళవలసివచ్చినా రైలునే ఎంచుకున్నారు. ఉమ్రా మాట వచ్చినప్పుడల్లా ఒక కారణం వెదికారు. పరీక్షలూ నిజమే, మరమ్మతులూ నిజమే. కాని అవేవీ అసలు కారణాలు కావు. ఆమె భయాన్ని నలుగురూ ఎత్తిచూపుతున్నప్పుడు, దాని వెనుక ఆయన తన భయాన్ని దాచుకున్నారు.

ఆమె కొంతసేపు ఏమీ అనలేదు. ఆరేళ్ళ విందులు, ఆడపడుచుల నవ్వులు ఆమె కళ్ళముందు మెదిలాయి. తరువాత రెండు సంచులూ తానే భుజాన వేసుకుని, “లేవండి. నాకూ భయంగానే ఉంది. కాని నా పేరు చెప్పి మాత్రం మీరు వెనక్కి పోవద్దు” అన్నారు.

మేము ఎక్కిన వెంటనే తలుపు మూశారు.

దివేహీ పెద్దాయన

ఆమె కిటికీ వద్ద, ఆయన మధ్యలో కూర్చున్నారు. నడవ వైపు తెల్లని గడ్డంతో ఒక మాల్దీవుల పెద్దాయన ఉన్నారు. వైద్యం కోసం కేరళకు వచ్చి తిరిగి వెళుతున్నారు. అక్కడివారు ఎందరో ఇలా కేరళ ఆసుపత్రులకు వస్తుంటారు. సలాం చెప్పుకున్న తరువాత, సినిమాల ద్వారా నేర్చుకున్న హిందీలో ఆయన మాట్లాడసాగారు. యవ్వనమంతా సముద్రంపై చేపలు పట్టడంలోనే గడిపానన్నారు.

ఆకాశంలో మళ్ళీ కుదుపులు మొదలైనప్పుడు మా ఇద్దరి ముఖాలు చూసి ఆ పెద్దాయనకు విషయం అర్థమైంది. తమ దివేహీ భాషలో విమానాన్ని ‘మతిందాబోటు’ అంటారనీ, అంటే పైన సాగే ఓడ అనీ చెప్పారు. “ఓడ అన్నాక అలలుంటాయి. గాలిలోనూ అలలుంటాయి. కాకపోతే ఇవి కంటికి కనబడవు” అంటూ కిటికీలోనుండి రెక్కను చూపించారు. రెక్క కొన మెల్లగా పైకీ కిందికీ ఊగుతోంది. అది ఊగడం చూసే ఆయన అంతవరకు కళ్ళు మూసుకున్నారు. అలా వంగడానికే దాన్ని తయారు చేశారనీ, వంగకుండా బిగుసుకుని ఉంటేనే విరిగే ప్రమాదమనీ పెద్దాయన మాటలతో బోధపడింది.

వేడికి, కొండలకు, మేఘాలకు గాలి ఎగుడుదిగుడుగా కదిలినప్పుడు విమానం కుదుపులకు లోనవుతుంది. విమానాలను అంతకంటే ఎంతో పెద్ద ఒత్తిడిని తట్టుకునేలా నిర్మిస్తారు. కుదుపులలో దెబ్బలు తగిలేది ఎక్కువగా బెల్టు పెట్టుకోనివారికే. రెక్కల దగ్గరి వరుసలలో ఊపు తక్కువగా, తోక వైపు ఎక్కువగా ఉంటుంది. మా సీట్లు తోక వైపు ఉన్నాయి.

ఆ కుదుపులలో మాకు ఇబ్నె బతూతా గుర్తుకు వచ్చారు. ఆ మహాయాత్రికుడు కాలికట్ తీరంలో జుమా నమాజు కోసం ఒడ్డున ఆగిపోయినందువల్లనే బ్రతికారు. రేవులో ఉన్న ఓడ తుపానుకు బద్దలైంది. అయినా ఆ తరువాత ఆయన కాలికట్ నుండే మళ్ళీ ఓడ ఎక్కారు. పది రోజులు సముద్రంపై ప్రయాణించి, 1343లో మాల్దీవులు చేరి, అక్కడ ఖాజీగా పనిచేశారు. ఆయన ఎనిమిదేళ్ళ రైలు ప్రయాణాలను తలచుకుని సిగ్గుపడ్డారు. ఆమె కిటికీ వైపే చూస్తూ ఉండిపోయారు.

మాలే సమీపిస్తుంటే కింద నీటిలో పచ్చని ఉంగరాలలాంటి పగడపు దిబ్బలు కనిపించాయి. విమానాశ్రయం హుల్‌హులే అనే దీవిపై ఉంది. 1966లో ఇక్కడ తారు రన్‌వే నిర్మించినప్పుడు మాలే ప్రజలు కూడా వచ్చి పనిలో పాలుపంచుకున్నారు. నేటి కొత్త రన్‌వే పొడవు 3,400 మీటర్లు. దాని రెండు కొసలలోనూ సముద్రమే. దిగుతున్నంతసేపు కిటికీలో నీళ్ళు తప్ప నేల కనిపించదు. నీటిలోకే దిగిపోతున్నామన్నంత దగ్గరగా అలలు వచ్చి, చివరి క్షణంలో రన్‌వే ప్రత్యక్షమవుతుంది. చక్రాలు నేలను తాకినప్పుడు ఆయన మా ఇద్దరి తరఫునా “అల్‌హమ్దులిల్లాహ్” అని పైకే అన్నారు. పెద్దాయన ఆయన మోకాలిపై తట్టి, నవ్వి, దిగిపోయారు.

ధరవందూలో

ఆ రాత్రి పక్కనున్న హుల్‌హుమాలేలో బస చేసి, మర్నాడు ఉదయం రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానం ఎక్కాము. అది హోరుమంటూ తక్కువ ఎత్తులోనే ఎగిరింది. అరగంటలోపే ధరవందూ చేరాము. ఆ ప్రయాణమంతా ఆమె ఆయనతో మాట్లాడలేదు. దీవి చేరిన మొదటి రోజు కూడా మాట్లాడలేదు. చుట్టూ అంత అందమైన సముద్రం ఉండగా ఆ మౌనం మరింత బరువుగా తోచింది.

మాల్దీవులలో దాదాపు 1,200 పగడపు దీవులున్నాయి. చాలావరకు భూమి సముద్రమట్టానికి మీటరున్నర ఎత్తులోనే ఉంటుంది. ధరవందూ స్థానికులు నివసించే దీవి. ఇది ఉన్న బా అటోల్‌ను యునెస్కో 2011లో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. ఇలాంటి దీవులలో మద్యం నిషిద్ధం. పర్యాటకులకు కేటాయించిన తీరంలో తప్ప అందరూ ఒళ్ళు కప్పుకునే తిరుగుతారు. అయిదు పూటలా అజాన్ వినిపిస్తుంది. ఉదయం ట్యూనా చేప తురుము, కొబ్బరి, ఉల్లి, పచ్చిమిరప కలిపిన ‘మాస్ హుని’ని ‘రోషి’తో పెడతారు. రోషి అంటే మన రొట్టే. చెట్ల కింద తాళ్ళ వలతో అల్లిన కుర్చీలు వరుసగా ఉంటాయి. వాటిని ‘జోలి’ అంటారు. ఆ పేరు వినగానే మన జోలె గుర్తుకు వచ్చింది.

రెండవ రోజు సాయంత్రం అస్ర్ తరువాత ఆ జోలిలో కూర్చుని మేము మాట్లాడుకున్నాము. ఆమెను అన్నిటికన్నా బాధించినది ఆయన భయం కాదు. “మీకు భయమని ఆరోజే చెప్పి ఉంటే, ఇద్దరం భయపడుతూనే ఎప్పుడో వెళ్ళి వచ్చేవాళ్ళం. మీరు నన్ను ఒంటరిగా భయపడనిచ్చారు” అన్నారు. దానికి ఆయన వద్ద సమాధానం లేదు. ఆ రాత్రే పిల్లలకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్లు చెప్పారు. కుమారుడు కాసేపు మౌనం వహించి, “అబ్బా, ఈ సంగతి అత్తయ్యలకు కూడా మీరే చెప్పాలి” అన్నాడు. మరుసటి ఉదయం ఆయన అక్కలిద్దరికీ చెప్పారు. ఆ ఫోను ఎత్తడం విమానం ఎక్కడంకన్నా కష్టమైందని ఆయన అంటారు.

మిగిలిన రోజులు నిజంగానే విశ్రాంతిగా గడిచాయి. ఆమె పూర్తిగా ఒళ్ళు కప్పే ఈత దుస్తులు ధరించి, ముఖానికి అద్దం, నోటికి గొట్టం పెట్టుకుని నీటిలో ముఖం ఉంచడం నేర్చుకున్నారు. మొదట ఊపిరి అందక కంగారుపడ్డారు. నేర్పిన యువకుడు ఒకే మాట చెప్పాడు: పీల్చడం గురించి ఆలోచించవద్దు, నెమ్మదిగా పూర్తిగా వదలండి, పీల్చడం దానంతట అదే జరుగుతుంది. అరగంటలో ఆమె రంగురంగుల చిలుక చేపలను చూస్తూ తేలసాగారు. ఆ చేపలు పగడపు దిబ్బలను గీకి తిని, విసర్జించే పొడి నుండే అక్కడి తెల్లని ఇసుకలో ఎక్కువ భాగం ఏర్పడుతుందట. మేము ఆరు రోజులు నడిచిన తీరం అలా రూపొందినదే.

ఒక సాయంత్రం మగ్రిబ్‌కు నిలబడినప్పుడు ఆయన ఒక విషయం గమనించారు. గుంటూరులో మన ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. అక్కడ అది వాయవ్యం వైపు మరింతగా మొగ్గి ఉంది. మనం కదిలినకొద్దీ ఆ దిశ కూడా మారుతుందని పుస్తకంలో చదవడం వేరు, పాదాలతో తెలుసుకోవడం వేరు. సముద్రానికి ఆవల ఎంత దూరంలో ఉందోనని ఆరేళ్ళుగా వాయిదా వేసిన ఆ చోటు వైపే మేమిద్దరం నిలబడి ఉన్నాము.

తిరుగు ప్రయాణం

తిరిగి వచ్చేటప్పుడు మాలేలో కొన్ని గంటలు దొరికాయి. 2018లో ప్రారంభమైన సముద్రపు వంతెన దాటి నగరంలోకి వెళ్ళి, హుకురు మిస్కీ అనే ప్రాచీన జుమా మసీదును చూశాము. 1658 నాటి ఆ కట్టడం గోడలు పగడపు రాళ్ళతో నిర్మించినవి. రాతిలో రాయి బిగుసుకునేలా చెక్కి కూర్చారు. రాళ్ళపై సన్నని లతల చెక్కడాలున్నాయి. మెత్తని పగడపు రాయి మూడున్నర శతాబ్దాలకు పైగా సముద్రపు గాలికి నిలిచి ఉంది.

సాయంత్రం కొచ్చి విమానంలో మళ్ళీ కుదుపులు వచ్చాయి. భయం పోలేదు. ఈ మాట నిజాయితీగా చెప్పవలసి ఉంది. ఆయన అరచేతులు మళ్ళీ తడిసిపోయాయి. కాని ఈసారి ఆయన నోటితో, “నాకు భయం వేస్తోంది” అన్నారు. ఆమె, “నాకు కూడా. నీటిలో నేర్పినట్లు ఊపిరి వదలండి” అన్నారు. ఇద్దరం నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదిలాము. మధ్యమధ్య దుఆ చదువుకున్నాము. రెక్క ఊగడాన్ని కళ్ళు తెరిచి చూశాము. కొచ్చిలో వాన లేదు.

పాఠకులకు ఒక మనవి

భయపడేవారిని విశ్వాసం తక్కువైనవారిగా చూసే అలవాటు మనలో ఉంది. ఆయన నోరు విప్పకపోవడానికి అది కూడా ఒక కారణం. నమాజు చేసేవాడు, నలుగురికి చెప్పేవాడు, తానే భయపడితే ఏమనుకుంటారోనన్న సంకోచం. కాని ఫిరౌన్ వద్దకు వెళ్ళమన్న ఆజ్ఞ వచ్చినప్పుడు మూసా (అలైహిస్సలాం) తన భయాన్ని ప్రభువుకు విన్నవించుకున్నారనీ, సోదరుడు హారూన్ (అలైహిస్సలాం)ను తోడుగా ఇమ్మని వేడుకున్నారనీ దివ్య ఖుర్ఆన్ చెబుతోంది. భయాన్ని చెప్పుకోవడం, తోడు కోరడం విశ్వాసానికి విరుద్ధమైతే ఒక ప్రవక్త ఆ పని చేసి ఉండేవారు కాదు.

మీ ఇంట్లో కూడా ఏళ్ళతరబడి వాయిదా పడుతున్న ప్రయాణం ఏదైనా ఉంటే, చెబుతున్న కారణాలను ఒకసారి దంపతులిద్దరూ కూర్చుని పరిశీలించుకోండి. భయం ఉంటే వైద్యుని సలహా తీసుకోవచ్చు. రెక్కల దగ్గర సీటు కోరవచ్చు. విమానం ఎలా ఎగురుతుందో తెలుసుకోవచ్చు. మా పిల్లలు చేసినట్లు చిన్న ప్రయాణంతో మొదలుపెట్టవచ్చు. ఒంటెను కట్టిన తరువాతే అల్లాహ్‌పై భారం వేయడం మనకు నేర్పబడిన పద్ధతి. ఒకరి భయాన్ని మరొకరి మీద మాత్రం మోపవద్దు.

ఆమె మనసులోని నొప్పి పూర్తిగా మానిందని చెప్పలేము. మొన్న ఒక విందులో పెద్ద ఆడపడుచు ఆమె పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, “మమ్మల్ని క్షమించు” అన్నారు. ఆమె ఈసారి నవ్వి ఊరుకోలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

జనవరిలో ఉమ్రాకు మా ఇద్దరి పేర్లు నమోదు చేయించాము. సీట్ల సంగతి అడిగినప్పుడు ఆయనే, “రెక్కల దగ్గర ఇవ్వండి, మా ఇద్దరికీ భయం” అని చెప్పారు. మాకోసం దుఆ చేయండి.